జున్నుపాలు గడ్డకడతాయి, మామూలు పాలు పొంగుతాయి: ప్రోటీన్లు, ఎంజైములపై మీ ప్రశ్నలు

పోయిన నెల ప్రోటీన్ల మీద నాలుగు ముక్కలు రాసి, సందేహాలుంటే పంపమన్నాను. సగం మంది వంటింటి నుంచి అడిగారు, మిగతా సగం బ్లడ్ రిపోర్టు చేతిలో పట్టుకుని అడిగారు. పేజీలో పట్టినన్నిటికి జవాబులు ఇవిగో.

ప్రశ్న: మా గేదె ఈనింది. జున్ను వండుతుంటే మా అమ్మాయి అడిగింది, మామూలు పాలు ఎంతసేపు కాచినా పొంగుతాయే తప్ప గట్టిపడవు కదా, జున్నుపాలు మాత్రం ఎందుకు గడ్డకడతాయి అని. మా అత్తగారినడిగితే "అవి జున్నుపాలు కాబట్టి" అన్నారు. (ఒక గృహిణి, తణుకు)

జవాబు: మీ అత్తగారి జవాబు తప్పేం కాదు గానీ, సగంలో ఆగింది. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలనే 20 రకాల పూసలను ఒక వరసలో గుచ్చిన దండ అనుకోండి. దండ దండలాగే వేలాడుతుంటే చాలావాటితో పనేమీ జరగదు. కణంలో తయారవుతూనే అది ముడుచుకుని ఉండలా చుట్టుకుంటుంది, నీళ్లంటే గిట్టని పూసలు లోపలికి దూరతాయి, నీళ్లతో కలిసిపోయేవి బయటి వైపు ఉంటాయి. చాలా ప్రోటీన్ల పని ఆ ఉండ ఆకారంలోనే ఉంది. కాకపోతే ఆ ముడతలను పట్టి ఉంచే బంధాలు చాలావరకు బలహీనమైనవి, కాస్త గట్టిగా వేడి తగిలితే ఊడిపోతాయి.

ఊడాక ఏమవుతుంది? లోపల దాక్కున్న నీళ్లంటే గిట్టని భాగాలు బయటపడతాయి, పక్కన అలాగే విచ్చుకున్న ఇంకో దండను పట్టుకుంటాయి, అది మరోదాన్ని, ఇలా లక్షల దండలు చిక్కుపడి వలలా అల్లుకుంటాయి, ఆ వల కన్నాల్లో నీళ్లు ఇరుక్కుపోతాయి. కోడిగుడ్డు తెల్లసొన ఉడికినప్పుడు జరిగేది ఇదే. జున్ను గట్టిపడేదీ ఇలాగే.

మామూలు పాలలో ఈ పని ఎందుకు జరగదంటే, అందులో ఉన్న ప్రోటీన్‌లో దాదాపు 80 శాతం కేసీన్. ఈ కేసీన్ వింత మనిషి, దానికి మొదటి నుంచీ గట్టిగా ముడుచుకునే అలవాటే లేదు. ముడతే లేనప్పుడు వేడి వచ్చి విప్పేదేముంది? అవి గుంపులు గుంపులుగా చిన్న బంతుల్లా తేలుతుంటాయి, బంతుల పైన ఒకదాన్నొకటి నెట్టుకునే నూగు లాంటిది ఉంటుంది, అందుకే మరిగించినా దగ్గరికి చేరవు. పులుపు తగిలితే మాత్రం ఆ నెట్టుకోవడం ఆగిపోతుంది. తోడు వేస్తే పెరుగు, నిమ్మకాయ పిండితే విరుగుడు. వేడికి లొంగే రకం ప్రోటీన్లు మామూలు పాలలోనూ ఉన్నాయి గానీ, గిన్నె మొత్తాన్ని గట్టిపరచడానికి చాలవు. అడుగంటిన పొరలో, పైన కట్టే మీగడలో వాటిని చూడొచ్చు.

ఈనిన వెంటనే పితికిన పాల సంగతి వేరు. ఆవుపాలలో మామూలుగా మూడు, మూడున్నర శాతం ప్రోటీన్ ఉంటే, మొదటి పూట జున్నుపాలలో 14 శాతం దాకా ఉంటుంది. ఆ పెరిగిందాంట్లో ఎక్కువ భాగం ఇమ్యునోగ్లోబులిన్లు, అంటే దూడకు జబ్బులు రాకుండా కాపాడే యాంటీబాడీలు. ఇవి చక్కగా ముడుచుకుని ఉండే ప్రోటీన్లు కాబట్టి వేడికి విచ్చుకుని గుడ్డులాగే గట్టిపడతాయి. రోజు గడిచేకొద్దీ ఇవి తగ్గిపోతాయి. మొదటి రోజు పాలకు మామూలు పాలు ఎక్కువ కలపాలి, మూడో రోజు పాలకు పెద్దగా అక్కర్లేదు అని మన పెద్దవాళ్లు చెప్పే లెక్క ఇదే. జున్నుపాలు దొరకనివాళ్లు పాలల్లో గుడ్డు కొట్టి, బెల్లం, మిరియాలు వేసి ఆవిరి మీద ఉడికిస్తారే, ఆ ఉపాయం పనిచేసేదీ ఇందుకే. మనిషి పిల్లలా కాదు, దూడకు తల్లి కడుపులో ఉండగా యాంటీబాడీలు అందవు, పుట్టిన మొదటి రోజు తాగే ఈ పాలే దానికి దిక్కు. కాబట్టి ముందు దూడను కడుపునిండా తాగనిచ్చి, మిగిలితేనే జున్ను.

ప్రశ్న: వంకాయలు కోసి ఉప్పునీళ్లలో, అరటిపువ్వు మజ్జిగలో ఎందుకు వేస్తాం? (తెనాలి నుంచి)

జవాబు: కోసినప్పుడు కణాలు తెగుతాయి, విడివిడి గదుల్లో ఉన్న ఫీనాల్ పదార్థాలు, వాటిని మార్చే పాలీఫీనాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము (ఎంజైము అంటే రసాయన మార్పులను త్వరగా జరిపించే ప్రోటీన్) కలిసిపోతాయి, పైనుంచి గాలిలో ఆక్సిజన్ తోడవుతుంది, ముక్క నల్లబడుతుంది. నీళ్లలో ముంచితే గాలి సరిగా అందదు. మజ్జిగ పులుపుకు ఎంజైము ఆకారం దెబ్బతిని మందగిస్తుంది. మరిగే నూనెలో పడ్డాక ఎంజైము పని అయిపోయినట్టే, ఆ తర్వాత ముక్క నల్లబడదు.

ప్రశ్న: నేను బీఎస్సీ రెండో సంవత్సరం. ఎంజైము తాళం, అది మార్చే పదార్థం అంటే సబ్‌స్ట్రేటు తాళంచెవి అని ఇంటర్ నుంచీ రాస్తూనే ఉన్నాను, మార్కులూ వస్తున్నాయి. కానీ అంత పెద్ద కణంలో ఆ తాళంచెవి వెళ్లి సరిగ్గా తన తాళాన్ని ఎలా వెతుక్కుంటుంది సార్? ఎవరు లాగుతారు? (కాకినాడ)

జవాబు: ఎవరూ లాగరు తమ్ముడూ. సంక్రాంతి ముందురోజు బస్టాండ్‌లో నిలబడ్డావా ఎప్పుడైనా? నువ్వు ఎవరినీ వెతకక్కర్లేదు, ఊరికే నిలబడితే చాలు, పదిమంది వచ్చి గుద్దుకుంటారు. కణం లోపల అంతకంటే రద్దీ. చిన్న అణువులు వేడికి క్షణం ఆగకుండా అటూ ఇటూ కొట్టుకుంటూ ఉంటాయి. సబ్‌స్ట్రేటు ఓ మోస్తరు గాఢతలో ఉన్నా సరే, ఒక ఎంజైము పనిచేసే చోటికి సెకనుకు సుమారు 5 లక్షల సార్లు వచ్చి తగులుతుందని లెక్క కట్టారు. వాటిలో చాలా తాకిళ్లు వంకరగా తగిలి వృథాగా పోతాయి. పోనీ. లక్షల్లో కొన్ని సరిగ్గా కూర్చున్నా పని నడిచిపోతుంది.

తాళం పోలిక ఎమిల్ ఫిషర్‌ది, 1894 నాటిది. పోలిక బాగుంది గానీ ఎంజైము ఇనుప తాళంలా బిగుసుకుని ఉండదు. 1958లో డేనియల్ కోష్‌లాండ్ దీన్ని సరిదిద్దాడు, సబ్‌స్ట్రేటు వచ్చి కూర్చుంటుంటే ఎంజైము కూడా దాని చుట్టూ కొంచెం ఒదుగుతుంది అన్నాడు. పిడికిలి మూసుకున్నట్టు అనుకో. ఆ ఒదగడంలోనే అసలు పని ఉంది. పాత బంధం తెగి కొత్తది పుట్టే మధ్యలో అణువు ఒక ఇబ్బందికరమైన వంకర రూపంలోకి వెళ్లాలి, మామూలుగా అక్కడిదాకా ఎక్కడమే కష్టం, ఎంజైము చెయ్యి సరిగ్గా ఆ వంకర రూపానికి నప్పేలా ఉంటుంది. అంటే ఎక్కాల్సిన గట్టు ఎత్తు తగ్గిస్తుంది.

ఎంత తగ్గిస్తుందో ఒక్క ఉదాహరణ చెప్తాను. మన డీఎన్ఏ, ఆర్ఎన్ఏల ముడిసరుకు తయారీలో ఓరోటిడిన్ మోనోఫాస్ఫేట్ అనే పదార్థం నుంచి ఒక కార్బన్ డయాక్సైడ్ ఊడే మెట్టు ఉంది. ఎంజైము లేకుండా వదిలేస్తే అది సగం పూర్తవడానికి 7.8 కోట్ల ఏళ్లు పడుతుందని 1995లో లెక్క తేల్చారు. ఎంజైము ఉంటే సెకనులో చిన్న వంతు చాలు. డైనోసార్ల కాలంలో మొదలుపెట్టిన పని ఇవాళ్టికి సగమయ్యేదన్నమాట.

అన్ని ఎంజైములూ ఇంత చురుకైనవని అనుకోకు. రక్తంలో కార్బోనిక్ అన్‌హైడ్రేజ్ సెకనుకు 10 లక్షల దాకా కార్బన్ డయాక్సైడ్ అణువులను మారుస్తుంది. వరి ఆకులో గాలి నుంచి కార్బన్‌ను పట్టుకునే రుబిస్కో సెకనుకు మూడో నాలుగో, మహా అయితే పది. ఇంత నిదానస్తుణ్ణి పెట్టుకుని మొక్క ఎలా బతుకుతుందంటే, ఒకడు చేయలేని పనికి వందమందిని పెట్టుకున్నట్టు, ఆకులో కరిగే ప్రోటీన్‌లో దాదాపు సగం దాకా దాన్నే నింపుకుంటుంది.

ఇంకొక్కటి, దీన్ని పరీక్షలో చాలామంది తప్పు రాస్తారు. పని ఎటు జరగాలో ఎంజైము తేల్చదు, త్వరగా జరిపిస్తుంది, అంతే. పైన చెప్పిన కార్బోనిక్ అన్‌హైడ్రేజే కండరాల దగ్గర కార్బన్ డయాక్సైడ్‌ను బైకార్బనేట్‌గా మారుస్తుంది, ఊపిరితిత్తుల దగ్గర అదే ఎంజైము బైకార్బనేట్‌ను తిరిగి కార్బన్ డయాక్సైడ్ చేస్తుంది. ఎక్కడ ఏది ఎక్కువగా పోగైతే అక్కణ్ణుంచి రెండోవైపుకు.

ప్రశ్న: మా ఆయన మాస్టర్ చెకప్ చేయించుకుంటే ఎస్‌జీపీటీ 92 వచ్చింది, పక్కన ఎర్ర గుర్తు పెట్టారు. అది లివర్ ఎంజైము అని మా మరిది చెప్పాడు. ఎంజైములు ఎక్కువుంటే మంచిదే కదండీ, లివర్ బాగా పనిచేస్తున్నట్టు కాదా? టెన్షన్‌తో రాస్తున్నాను. (కరీంనగర్)

జవాబు: టెన్షన్ వద్దమ్మా, కానీ మంచిదనీ అనుకోవద్దు. ఎస్‌జీపీటీ, దీన్నే ఇప్పుడు ఏఎల్‌టీ అంటున్నారు, ఉండాల్సింది లివర్ కణాల లోపల. అలనిన్ అనే అమైనో ఆమ్లం నుంచి నైట్రోజన్ ముక్కను తీసి ఇంకోదానికి అంటించడం దాని ఉద్యోగం. రక్తంలో దానికి పనేమీ లేదు. కణాలు పాతబడి పోతుంటాయి కాబట్టి కొద్దిగా రక్తంలోకి వస్తూనే ఉంటుంది, ల్యాబ్‌ను బట్టి 40కి అటూ ఇటూ దాకా మామూలే అంటారు. 92 అంటే కొన్ని కణాల గోడలు దెబ్బతిని లోపలి సరుకు బయటికి కారుతోందని అర్థం. గోడౌన్ బయట రోడ్డు మీద బియ్యం గింజలు కనిపిస్తే గోడౌన్ బాగా నడుస్తోందనుకోం కదా, ఎక్కడో గోనెసంచి చిరిగిందనుకుంటాం. ఇదీ అంతే.

సంచి ఎందుకు చిరిగిందో ఈ అంకె చెప్పదు. లివర్‌లో కొవ్వు చేరడం, మద్యం, వైరల్ హెపటైటిస్, కొన్ని మాత్రలు, ఇలా కారణాలు బోలెడు. ఆయన ఈమధ్య కొత్తగా జిమ్‌కు వెళ్తున్నారా అన్నది కూడా డాక్టర్‌కు చెప్పండి, ఎందుకంటే రిపోర్టులో దాని పక్కనే ఉండే ఎస్‌జీఓటీ అనే ఇంకో ఎంజైము కండరాల్లోనూ ఉంటుంది, ఒళ్లు హూనమయ్యేలా కసరత్తు చేస్తే రెండూ కొంత పెరుగుతాయి. లివర్ తన పని ఎంత బాగా చేస్తోందన్నది తెలియాలంటే అది తయారు చేసే ఆల్బుమిన్ ప్రోటీన్, అది బయటికి పంపాల్సిన బిలిరుబిన్ అనే పసుపు పదార్థం, రక్తం గడ్డకట్టే సమయం చూస్తారు. బాగా పాడైపోయిన లివర్‌లో కారడానికి కణాలే మిగలక ఎస్‌జీపీటీ నార్మల్‌గా కనిపించే సందర్భాలూ ఉంటాయి. అందుకే రిపోర్టు ఫొటో తీసి నాకు పంపడం కంటే డాక్టర్ ముందు పెట్టడం మేలు.

ప్రశ్న: పత్తికి మందు కొట్టి వచ్చిన మా బాబాయికి చొంగ కారడం, కళ్లవెంట నీళ్లు, ఒళ్లంతా చెమటలు, కాళ్లుచేతులు అదరడం. ఆస్పత్రిలో "కోలినెస్టరేజ్ పడిపోయింది" అన్నారు. బాబాయి బాగున్నాడు ఇప్పుడు. ఆ కోలినెస్టరేజ్ ఏంటి? (వరంగల్ జిల్లా)

జవాబు: బాబాయి కోలుకున్నాడు, అదే పెద్ద మాట. నరం కండరానికి "కదులు" అని చెప్పేది మాటతో కాదు, అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని చల్లి. చెప్పడం అయ్యాక ఆ చల్లిందాన్ని వెంటనే ఊడ్చేయాలి, లేకపోతే ఆర్డరు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. ఊడ్చే ఎంజైము అసిటైల్‌కోలినెస్టరేజ్. ఒక్కొక్కటీ సెకనుకు వేల అణువులను ముక్కలు చేస్తుంది.

క్లోరిపైరిఫాస్, మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఏం చేస్తాయంటే, ఆ ఎంజైము పనిచేసే చోటే సరిగ్గా వెళ్లి ఒక ఫాస్ఫేట్ ముక్కను అంటించేస్తాయి. తాళంలో అగ్గిపుల్ల విరిచినట్టు. పురుగుకూ మనకూ ఆ ఎంజైము దాదాపు ఒకటే, అందుకే పురుగును చంపే మందు కొట్టేవాణ్ణీ వదలదు. తాగనక్కర్లేదు, తడిసిన చొక్కా గుండా చర్మంలోకి కూడా దిగుతుంది. ఊడ్చేవాడు లేక అసిటైల్‌కోలిన్ పోగుపడి లాలాజలం, కన్నీళ్లు, చెమట ఒక్కసారిగా ఊరతాయి, కంటిపాప సూదిమొనలా చిన్నదవుతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. చంపేది ఎక్కువగా ఆ ఊపిరి ఇబ్బందే.

ఆస్పత్రిలో అట్రోపిన్ ఇస్తారు, అది అసిటైల్‌కోలిన్ కేక వినబడకుండా చెవులు మూస్తుంది. పామ్ అనే రెండో ఇంజెక్షన్ ఇరుక్కున్న ఫాస్ఫేట్‌ను లాగేందుకు. ఆలస్యమైతే ఆ ఫాస్ఫేట్ ఎంజైముకు శాశ్వతంగా బిగుసుకుపోతుంది, అప్పుడు లాగినా రాదు, ఒళ్లు కొత్త ఎంజైము తయారు చేసుకునేదాకా వారాలు ఆగాల్సిందే. అందుకే గంటలు లెక్క. ఇలాంటిది ఇంకెవరికైనా జరిగితే బట్టలు విప్పేసి సబ్బుతో ఒళ్లు కడిగి, 108కి ఫోన్ చేసి, మందు డబ్బా కూడా వెంట తీసుకెళ్లండి. ఏ మందో తెలిస్తే డాక్టర్‌కు సగం పని తగ్గుతుంది. గాలికి ఎదురుగా కొట్టొద్దని నేను మళ్లీ చెప్పక్కర్లేదు, చెప్పినా మధ్యాహ్నం ఎండలో మాస్కు పెట్టుకుని కొట్టమంటే ఎంత కష్టమో నాకూ తెలుసు.

ప్రశ్న: మా అమ్మకు కీళ్లవాతం. వారానికి ఒకరోజు మెథోట్రెక్సేట్, వేరే రోజు ఫోలిక్ యాసిడ్ రాశారు. నెట్‌లో చూస్తే మొదటిది ఫోలిక్ యాసిడ్‌కు విరుద్ధంగా పనిచేసే మందు అని ఉంది. ఒక చేత్తో ఆపి ఇంకో చేత్తో ఇవ్వడమేంటి? (డల్లాస్, అమెరికా)

జవాబు: డాక్టర్ పొరబడలేదు. కణం రెండుగా చీలాలంటే కొత్త డీఎన్ఏ కావాలి, దానికి ఫోలేట్‌ను (ఫోలిక్ యాసిడ్ రకపు బి విటమిన్) పనికొచ్చే రూపంలోకి మార్చాలి, మార్చే ఎంజైము డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్. మెథోట్రెక్సేట్ చూడ్డానికి ఫోలేట్‌లాగే ఉంటుంది, ఎంజైము మోసపోయి పట్టుకుంటుంది, అసలుదాని కంటే సుమారు వెయ్యి రెట్లు గట్టిగా పట్టుకుని వదలదు. క్యాన్సర్‌లో పెద్ద మోతాదులో ఇచ్చేది ఈ పట్టు కోసమే. కీళ్లవాతానికి ఇచ్చే చిన్న మోతాదులో మంటను తగ్గించే పని చాలావరకు వేరే దారిలో జరుగుతుంది. కాబట్టి ఫోలిక్ యాసిడ్ ఇస్తే మందు గుణం పెద్దగా పోదు, నోటిపూత, వికారం, లివర్ ఎంజైములు పెరగడం లాంటి బాధలు మాత్రం తగ్గుతాయి. ఒక్క జాగ్రత్త: ఇది వారానికి ఒక్కసారి వేసుకునే మాత్ర. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. మాత్ర వారంలో ఏ రోజు వేసుకోవాలో అమ్మ క్యాలెండర్ మీద రాసిపెట్టండి.

మీరు అమెరికా నుంచి అడిగారు కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. ఈ మందు పుట్టిందీ మీ దేశంలోనే, లెడర్లీ ప్రయోగశాలలో, అక్కడి పరిశోధనకు పెద్దగా ఉన్నది మన తెలుగువాడే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అంతకుముందు హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టాడు, కణానికి ఖర్చులకు రొఖ్ఖం లాంటి ఏటీపీని కండరంలో గుర్తించినవాళ్లలో ఒకడు. లెడర్లీలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసింది, తర్వాత దాన్ని కొంచెం మార్చి ఎంజైమును బోల్తా కొట్టించే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లను చేసింది. 1948లో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌తో ల్యుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకు కొంతకాలమైనా ఉపశమనం వస్తుందని చూపించాడు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు పోయాడు, 53 ఏళ్లకే. అమ్మకు ఈ కథ చెప్పండి, మాత్ర చేదు తగ్గకపోయినా వేసుకునేటప్పుడు ఓ ముక్క నవ్వుతుంది.

ప్రశ్న: చర్మం మెరవడానికి కొల్లాజెన్ పౌడర్ తాగుతున్నాను, డబ్బా 1,800. పనిచేస్తుందా? (హైదరాబాద్)

జవాబు: కొల్లాజెన్ అంటే చర్మానికి బిగువునిచ్చే ప్రోటీన్. మీరు తాగిన కొల్లాజెన్ కొల్లాజెన్‌గా చర్మం దాకా నడిచి వెళ్లదు. కడుపులో పెప్సిన్, చిన్నపేగులో ట్రిప్సిన్ లాంటి ఎంజైములు ఏ ప్రోటీన్‌నైనా పూసలు పూసలుగా, మహా అయితే రెండు మూడు పూసల ముక్కలుగా కోసేస్తాయి. ఆ పూసలు చర్మానికే వెళ్లాలని వాటి మీద అడ్రస్ రాసి ఉండదు. పైగా కొల్లాజెన్‌లో ట్రిప్టోఫాన్ అనే అవసరమైన అమైనో ఆమ్లమే లేదు, ప్రోటీన్‌గా చూసినా అది కందిపప్పు కంటే తక్కువ రకం. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు. బియ్యంలో తక్కువైన లైసీన్ పప్పులో ఉంది, పప్పులో తక్కువైన మెథియోనిన్ బియ్యంలో ఉంది. ఆ 1,800తో ఎన్ని నెలల పప్పు వస్తుందో మీరే చూసుకోండి.

ప్రశ్న: మూడు నెలల షుగర్ అని హెచ్‌బీఏ1సీ పరీక్ష రాస్తారు. ఇవాళ తీసిన రక్తానికి మూడు నెలల కిందటి సంగతి ఎలా తెలుస్తుంది? (అనంతపురం)

జవాబు: ఎంజైముల పేజీలో ఎంజైము లేకుండా జరిగే పని ఇది. రక్తంలో తిరిగే గ్లూకోజ్ ఎవరి సాయమూ లేకుండా ఎర్రకణాల్లో ఉండే హిమోగ్లోబిన్ అనే ప్రోటీన్‌కు మెల్లగా అంటుకుంటుంది, అంటుకున్నాక ఊడదు. చక్కెర ఎంత ఎక్కువుంటే అన్ని హిమోగ్లోబిన్లకు అంటుతుంది. ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది కాబట్టి, ఆ బతుకులో ఎంత పాకం పట్టిందో అందులో రాసి ఉంటుంది. పరీక్షకు ముందు రెండు రోజులు స్వీట్లు మానేసి డాక్టర్‌ను మభ్యపెట్టడం కుదరదు. కానీ కొడవలికణ జబ్బులో లాగా ఎర్రకణాలు ముందే చనిపోతుంటే పాకం పట్టేంత టైమే ఉండదు, అంకె ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఐరన్ లోపం ఉంటే అటు ఎక్కువ చూపించవచ్చు. మీకు రక్తహీనత ఉందని ఎప్పుడైనా చెప్పి ఉంటే, రిపోర్టు చూపించేటప్పుడు ఆ మాట కూడా డాక్టర్ చెవిన వేయండి.